ఆమ్లం పోసినా ఎరుపు వదలని క్రిములు: పాఠకుల ప్రశ్నలు

ల్యాబు రిపోర్టులు ఎలా చదవాలో పోయిన నెల రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మూడక్షరాల మీద ఉన్నాయి: ఏఎఫ్‌బీ, అంటే యాసిడ్ ఫాస్ట్ బాసిలై (కడ్డీల్లాంటి ఒక రకం క్రిములు). అందుకని ఈసారి షుగరు, థైరాయిడ్ అన్నీ పక్కన పెట్టేశాను. పెద్ద ఉత్తరాలను కాస్త కుదించాను, ఏమనుకోకండి.

మేడమ్, మా నాన్నగారికి రెండు నెలలుగా దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించాం. రిపోర్టులో "ఏఎఫ్‌బీ 1+" అని వచ్చింది. డాక్టరుగారు టీబీ అన్నారు కానీ కాగితం మీద టీబీ అన్న మాటే లేదు. ఇది వేరే క్రిమా? పైగా "యాసిడ్ ఫాస్ట్" అంటే వేగంగా పెరిగేదని మా బావమరిది చెప్పేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్.
అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు

ముందు మీ బావమరిది పెట్టిన టెన్షన్ తీసేద్దాం. ఇక్కడ ఫాస్ట్ అంటే వేగం కాదు. చీరల కొట్లో "రంగు పోదమ్మా, నాదీ గ్యారంటీ" అంటారు చూడండి, ఆ ఫాస్ట్ ఇది. అద్దకం వాళ్ల మాట ల్యాబుల్లోకి వచ్చింది. ఒకసారి రంగు ఎక్కించాక ఆమ్లంతో కడిగినా ఆ రంగు వదలని బ్యాక్టీరియా అని అర్థం, అంతే. వేగం సంగతంటారా, టీబీ క్రిమి శుద్ధ నత్త. పేగుల్లో ఉండే ఈ.కోలై మంచి తిండి దొరికితే 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది, ఇదేమో ఒకటి రెండు కావడానికి 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది.

రంగు ఎందుకు వదలదంటే దాని ఒంటి చుట్టూ మైనం లాంటి పూత ఉంటుంది. మైకోలిక్ ఆమ్లాలని, బాగా పొడుగాటి కొవ్వు ఆమ్లాలు. మన వంటనూనెల్లోని కొవ్వు ఆమ్లాలకి ఎక్కువగా 16, 18 కార్బన్లుంటే వీటికి 60 నుంచి 90 దాకా ఉంటాయి. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టే ఈ పూత మీద నీళ్లలో కలిపిన మామూలు రంగు నిలవదు. హోలీ రోజు పొద్దున్నే పిల్లల ఒంటికి కొబ్బరినూనె పట్టించి పంపే తల్లులకి ఈ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

మరి లోపలికి రంగు ఎలా పంపాలి? అక్కడే ఉంది తమాషా అంతా. ఫుక్సిన్ అనే ముదురు ఎరుపు రంగుని ఫినాల్‌తో కలుపుతారు (పాతకాలం ఎర్ర కార్బాలిక్ సబ్బు వాసన గుర్తున్నవాళ్లకి ఫినాల్ వాసన తెలిసినట్టే). ఫినాల్‌కి కొవ్వులో కలిసే గుణం ఉంది. ఆ రంగుని స్లైడు మీద పోసి, కింద నుంచి స్పిరిట్ దీపంతో ఆవిరి లేచేదాకా వేడి చేస్తారు. వేడికి మైనం మెత్తబడుతుంది, ఫినాల్ దారి చూపిస్తుంది, ఎరుపు లోపలికి దూరిపోతుంది. చల్లారాక మైనం మళ్లీ బిగుసుకుంటుంది. ఇప్పుడు 25 శాతం గంధకామ్లం పోస్తే నోటిలోని మామూలు బ్యాక్టీరియా, చీము కణాలు, ఊపిరితిత్తుల నుంచి ఊడి వచ్చిన కణాలు, అన్నీ నిమిషాల్లో రంగు వదిలేసి తెల్లబోతాయి. టీబీ క్రిమి మాత్రం వదలదు. రంగుని లోపలికి రానివ్వనని మొండికేసిన ఆ మైనమే ఇప్పుడు బయటికి పోనివ్వదు! చివర్లో మిథిలీన్ బ్లూ పోస్తే తెల్లబోయినవన్నీ నీలంగా మారతాయి, ఆ నీలం మధ్యలో సన్నటి ఎర్ర గీతలు తేలతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతుకి రెండు మూడు రెట్ల పొడవు, కొంచెం వంపు, కొన్నిసార్లు పూసలు గుచ్చినట్టు.

ఇక మీ అసలు ప్రశ్న. ల్యాబు వాళ్లు టీబీ అని రాయకపోవడం తప్పు కాదు, అది నిజాయితీ. స్లైడు చూసినవాళ్లకి తెలిసింది ఒక్కటే, ఆమ్లానికి రంగు వదలని కడ్డీలు కనిపించాయని. దాని పేరు స్లైడు చెప్పదు. టీబీ క్రిమికి చుట్టాలు చాలామంది ఉన్నారు, మట్టిలో, నీళ్లలో బతికేవి, వాటికీ అదే మైనం, అదే ఎరుపు. అయితే మన దేశంలో, రెండు నెలల దగ్గు ఉన్న మనిషి తెమడలో అవి కనిపిస్తే దాదాపు ఎప్పుడూ టీబీయే అవుతుంది కాబట్టి మీ డాక్టరుగారు అలా అన్నారు, సరిగ్గానే అన్నారు. పేరు ఖాయం చేయడానికి, మందులకి లొంగే రకమో కాదో చూడడానికి సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష (క్రిమి డీఎన్ఏని పట్టే మిషను పరీక్షలు) చేస్తారు. అది చేయించుకోండి, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మధ్యలో ఆపకండి. ఇంట్లో మిగతావాళ్లు, ముఖ్యంగా చిన్నపిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి.

మేడమ్ గారూ, టీబీ స్లైడుకి ఇలా ఎర్ర రంగు వేయడాన్ని జీల్-నీల్సన్ పద్ధతి అంటున్నారు. ఇది ఒకరి పేరా, ఇద్దరి పేరా? కనిపెట్టింది రాబర్ట్ కాక్ కాదా? పిల్లలకి చెప్పాలి.
ఒక టీచరు, గుడివాడ

ఇద్దరు. నిజానికి నలుగురిని లెక్కేయాలి. కాక్ 1882 మార్చి 24 సాయంత్రం బెర్లిన్‌లో ఒక సభలో క్షయకి కారణం ఈ బ్యాక్టీరియా అని స్లైడులతో సహా చూపించాడు. అందుకే మార్చి 24 ప్రపంచ క్షయ దినమైంది. కానీ ఆయన పద్ధతి మహా ఓపిక పరీక్ష. క్షారం కలిపిన మిథిలీన్ బ్లూలో 24 గంటలు నానబెట్టి, ఆ తర్వాత గోధుమ రంగు పోసేవాడు. అందులో ఆమ్లం లేదు.

ఆ సభలో 28 ఏళ్ల పాల్ ఎర్లిక్ కూర్చుని ఉన్నాడు. రంగుల పిచ్చోడు. ఇది ఇంకా బాగా చేయొచ్చని అప్పుడే పని మొదలుపెట్టాడు. రాత్రి స్లైడుల్ని ఆరబెట్టడానికి చల్లారిన పొయ్యి మీద పెట్టి వెళితే, పొద్దున పనిమనిషి చూసుకోకుండా పొయ్యి వెలిగించిందనీ, తీరా చూస్తే ఆ స్లైడుల్లో క్రిములు ఎన్నడూ లేనంత చక్కగా కనిపించాయనీ ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గానీ, ఎర్లిక్ ఆ కొద్ది వారాల్లోనే అనిలిన్ కలిపిన రంగు, నైట్రిక్ ఆమ్లంతో కడగడం, ఈ రెండూ పెట్టి పద్ధతిని మార్చేసిన మాట నిజం. ఆమ్లానికి రంగు వదలని గుణం పట్టుకున్నది ఆయనే. తర్వాత ఫ్రాంజ్ జీల్ అనిలిన్ బదులు ఫినాల్ పెట్టాడు, ఫ్రెడరిక్ నీల్సన్ 1883లో ఫినాల్, ఫుక్సిన్, గంధకామ్లం కలిపి స్థిరపరిచాడు. పేరు వాళ్లిద్దరికీ దక్కింది. ఎర్లిక్‌కి మాత్రం కొన్నేళ్లకు తన తెమడలోనే ఆ ఎర్ర గీతలు కనిపించాయి, వేడిగాలి కోసం ఈజిప్టు వెళ్లి కోలుకుని వచ్చాడు. పిల్లలకి ఈ ముక్క చెప్పండి, పరీక్షలో రాకపోయినా గుర్తుంటుంది.

ఇంకోటి. ఈ రంగులేవీ ల్యాబుల కోసం పుట్టలేదు, బట్టల కోసం పుట్టాయి. మిథిలీన్ బ్లూ 1876లో జర్మనీ రంగుల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. చీరల పోలిక నేను ఊరికే తేలేదు.

మేడమ్, నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) రెండో సంవత్సరం. నా స్లైడులు ఒకసారి మొత్తం ఎర్రగా, ఒకసారి మొత్తం నీలంగా వస్తున్నాయి. రంగు మరిగించావని సార్ తిడుతున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియడం లేదు.
ఒక విద్యార్థిని, నరసరావుపేట

ఏడవకు తల్లీ, అందరం అక్కడే పడ్డాం. మొదటి నుంచి చూద్దాం, ఎందుకంటే నీ తప్పు రంగు దగ్గర కాకుండా అంతకు ముందే ఉండొచ్చు.

డబ్బాలో వచ్చింది తెమడా, ఉమ్మా? నురగగా, పల్చగా ఉంటే ఉమ్మి, దాంట్లో ఎంత వెతికినా ఏమీ దొరకదు. పచ్చగా, ముద్దగా ఉన్న భాగాన్ని ఎంచుకోవాలి. మా రోజుల్లో చీపురుపుల్ల విరిచి ఆ మొనతోనే తీసేవాళ్లం, నవ్వకు, స్లైడు మీద పరచడానికి దానంత బాగా ఏదీ పనికిరాదు, వాడి పారేయొచ్చు కూడా. సుమారు 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు పరచు. ఆరాక, రంగు వేయకముందు, స్లైడు కింద న్యూస్‌పేపరు పెట్టి చూడు. అక్షరాలు మసగ్గా కనిపించినా చదవగలిగితే మందం సరిపోయింది. అసలు కనపడకపోతే మందం ఎక్కువ, అలాంటి స్లైడు ఎంత కడిగినా ఎరుపు వదలదు. నీ "మొత్తం ఎరుపు" స్లైడుల్లో సగం ఇవే అయ్యుంటాయని నా అనుమానం. పూర్తిగా ఆరాకే మంట మీద మూడు నాలుగుసార్లు ఆడించు. తడిగా ఉండగా ఆడిస్తే ఉడికిపోతుంది, తర్వాత కుళాయి కింద పెడితే మొత్తం ఊడి సింకులో పడుతుంది.

1 శాతం కార్బాల్ ఫుక్సిన్‌ని (ఫినాల్ కలిపిన ఆ ఎర్ర రంగే) వడగట్టకుండా పోయకు. వడగట్టకపోతే రంగు గడ్డలు మిగిలి సరిగ్గా క్రిముల్లా ఎర్రగా కనిపిస్తాయి. ఇప్పుడు వేడి. సార్ తిట్టింది ఇక్కడే, ఆయన చెప్పింది కరెక్టే. ఆవిరి లేవాలి, బుడగలు రాకూడదు. పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున లేచే ఆవిరి చూశావు కదా, అంతవరకే, దీపం తీసెయ్. 5 నిమిషాలు వదిలెయ్, మధ్యలో రంగు ఎండిపోతే ఇంకాస్త రంగు పొయ్. ఎండిన రంగుని ఆమ్లం కడగలేదు, అది నీ ఎరుపుకి రెండో కారణం.

నీళ్లతో కడిగి 25 శాతం గంధకామ్లం 2 నుంచి 4 నిమిషాలు. కడిగాక స్లైడు లేత గులాబీ కన్నా ముదురుగా ఉంటే మళ్లీ ఆమ్లం పోసుకోవచ్చు, నిజమైన క్రిమి భయపడదు. ఆ తర్వాత 0.1 శాతం మిథిలీన్ బ్లూ 30 సెకన్లు, అంతకంటే ఎక్కువ వద్దు. నీలం దట్టమైపోతే ఎర్ర గీత దాని వెనక దాక్కుంటుంది, నీ "మొత్తం నీలం" అదే కావచ్చు. లేదా వేడి చాలక ఎరుపు లోపలికి వెళ్లకపోయి ఉండొచ్చు. పాజిటివ్ అని తెలిసిన స్లైడు ఒకటి, నెగెటివ్ అని తెలిసింది ఒకటి పక్కన పెట్టి కలిపి రంగు వెయ్యి, తప్పు నీదా రంగుదా అన్నది వెంటనే తేలిపోతుంది.

ఆమ్లం నువ్వే తయారు చేస్తుంటే ఒక్క మాట. ఆమ్లాన్ని నీళ్లలోకి, కొద్దికొద్దిగా. నీళ్లని ఆమ్లంలోకి పోయకు, ఎగిరి మొహాన పడుతుంది.

ఇక నా సిగ్గుమాలిన కథ కూడా విను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక ఆస్పత్రిలో వరసగా వారం రోజులు ప్రతి స్లైడులో రెండో మూడో ఎర్ర గీతలు. ఊరికి ఊరే టీబీ అనుకున్నాం! తీరా చూస్తే స్లైడులు కడిగే నీళ్లు, పైన ఎవరూ ఎన్నాళ్లగానో శుభ్రం చేయని సిమెంటు ట్యాంకులోవి, లోపల నాచు పేరుకుని ఉంది. నీళ్లలో బతికే మైకోబ్యాక్టీరియా, అదే టీబీ క్రిమి చుట్టాలు, అక్కడ కాపురం పెట్టేసింది. అప్పటి నుంచి డిస్టిల్డ్ వాటర్ తప్ప వాడలేదు. అలాగే మైక్రోస్కోపు కింద వేసే నూనె డ్రాపరు కొస స్లైడుకి తగలనివ్వకు, ఒకరి క్రిముల్ని ఇంకొకరి స్లైడు మీద పెట్టేది అదే.

ఒకే మనిషి, రెండు ల్యాబులు. ఒకటి "స్కాంటీ 4" అంది, ఇంకోటి "నెగెటివ్". ఎవరు అబద్ధం చెబుతున్నట్టు?
మదనపల్లె నుంచి

ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. (దేశం నలుమూలల నుంచి క్షయ రోగులు వచ్చిన ఆరోగ్యవరం మీకు పక్కనే, 1915 నుంచీ ఉంది. ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడం నాకు భలే అనిపించింది.)

లెక్క వేద్దాం, కొంచెం ఓపిక పట్టండి. స్లైడు మీద పరిచే తెమడ సుమారు 0.01 మిల్లీలీటరు. నూనె వేసి వెయ్యి రెట్లు పెద్దగా చూసే కటకం కింద ఒకసారికి కనిపించేది చిన్న గుండ్రటి చోటు, దాన్ని ఫీల్డ్ అంటాం. స్లైడు మొత్తం చూడాలంటే అలాంటివి దాదాపు 10,000. ఇప్పుడు రోగి తెమడలో మిల్లీలీటరుకి 10,000 క్రిములున్నాయి అనుకోండి. స్లైడు మీదకి వచ్చేవి 100. పది వేల చోట్లలో వంద క్రిములు, అంటే వంద చోట్లు చూస్తే ఒక్కటి. టెక్నీషియన్ చూసేది కూడా వంద చోట్లే! ఆ ఒక్కటి ఆ వందలో పడొచ్చు, పడకపోవచ్చు. అందుకే మిల్లీలీటరుకి 5,000 నుంచి 10,000 కంటే తక్కువ ఉంటే ఈ పరీక్ష పట్టుకోలేదని అంటారు. కల్చర్ (క్రిముల్ని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) అయితే 10 నుంచి 100 ఉన్నా పట్టేస్తుంది, కానీ వారాలు పడుతుంది.

వంద ఫీల్డుల్లో 1 నుంచి 9 కనిపిస్తే స్కాంటీ, కనిపించిన సంఖ్య పక్కన రాస్తారు, మీ 4 అదే. 10 నుంచి 99 అయితే 1+. ఫీల్డుకి 1 నుంచి 10 అయితే 2+, పదికి మించితే 3+. స్కాంటీ నాలుగు వచ్చిందంటే తెమడలో క్రిములు అంచు మీద ఉన్నాయి, రెండో డబ్బాలో ఉమ్మి ఎక్కువ పడినా నెగెటివ్ వచ్చేస్తుంది. పొద్దున నిద్ర లేవగానే, నోరు నీళ్లతో పుక్కిలించి, లోతుగా దగ్గి తీసిన తెమడ ఇవ్వండి. నెగెటివ్ కాగితాన్ని చూసి సంబరపడి ఊరుకోకండి, స్కాంటీ వచ్చిన మనిషికి ట్రూనాట్ చేయించండి.

మా ఆయనకి రెండు నెలలు మందులు వాడాక కూడా తెమడలో పాజిటివ్ వచ్చింది. మందులు పనిచేయట్లేదా?
ఒక గృహిణి, సూర్యాపేట

తొందరపడి ఆ మాట అనుకోకండి. రంగుకి బతికిన క్రిమికీ చచ్చిన క్రిమికీ తేడా తెలియదు, మైనం గోడ పాడవనంత వరకు శవమైనా ఎర్రగానే కనిపిస్తుంది. మొదట 3+ ఉండి ఇప్పుడు స్కాంటీకి వస్తే అది దిగుతున్న మెట్టు. అలాగని నిర్లక్ష్యం కూడా వద్దు, మందులకి లొంగని రకమైతే ఇప్పుడే తెలియాలి, దానికి కల్చర్ పెట్టి చూస్తారు. కల్చర్‌లో మొలకెత్తేది బతికినదే. మాత్రలు ఒక్క రోజు కూడా మానలేదు కదా? డాక్టరుగారు మొదట అడిగేది అదే, నిజం చెప్పండి.

మా ఊరి క్యాంపులో అమ్మమ్మ చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి ఏదో తీసుకున్నారు. మచ్చ వీపు మీద ఉంటే చెవి ఎందుకు?
విజయనగరం జిల్లా నుంచి ఒక పాఠకురాలు

కుష్ఠు పరీక్ష అది. కుష్ఠు క్రిమి టీబీ క్రిమికి దగ్గరి చుట్టం, అదే మైనం, అదే ఎరుపు. కానీ దీనికి ఒంటిలో చల్లగా ఉండే చోట్లంటే ఇష్టం, చెవి తమ్మెలు, ముక్కు, వేళ్లు. అందుకే మచ్చ ఎక్కడున్నా చెవి తమ్మె కూడా చూస్తారు. చర్మాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టి, నెత్తురు రాకుండా సన్నటి గాటు పెట్టి, లోపలి రసాన్ని గోకి స్లైడు మీద పెడతారు. రంగు వేయడం అంతా టీబీకి లాగే, ఒక్క తేడా. దీని పట్టు కాస్త బలహీనం, 25 శాతం ఆమ్లం పోస్తే ఇదీ రంగు వదిలేయగలదు, కాబట్టి 5 శాతమే వాడతారు. మైక్రోస్కోపులో ఒక్కోసారి చుట్టలు కట్టగా పెట్టినట్టు గుంపులుగా కనిపిస్తాయి, చూసినవాళ్లు మర్చిపోరు.

నార్వేలో హాన్సెన్ 1873లో దీన్ని చూశాడు, కాక్ కన్నా తొమ్మిదేళ్ల ముందు. కానీ ఈ రోజుకీ ఎవరూ దీన్ని ల్యాబులో సీసాలో పెంచలేకపోయారు. టీబీకి కల్చర్ ఉంది, దీనికి అది కూడా లేదు, అందుకని ఈ స్లైడు విలువ ఇంకా ఎక్కువ. అమ్మమ్మకి కుష్ఠు అని తేలినా భయం వద్దు, మందులున్నాయి, పూర్తిగా నయమవుతుంది. కంచం, గ్లాసు విడిగా పెట్టే పని మాత్రం దయచేసి చేయకండి.

గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాని గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగెటివ్ అని విడదీసే రంగు పరీక్ష) అన్నిటికీ సరిపోతుందని చదివాం. టీబీకి ఎందుకు కాదు?
ఒక బీఎస్సీ విద్యార్థి, వరంగల్

రంగు ఎక్కదు కాబట్టి. వేడి లేదు, ఫినాల్ లేదు, తామరాకు మీద నీళ్లే. గ్రామ్ స్లైడులో ఒక్కోసారి రంగు పట్టని ఖాళీ గీతల్లా, దయ్యాల్లా కనిపిస్తాయి. పరీక్షలో మాత్రం "గ్రామ్ పాజిటివ్‌గా లెక్కిస్తారు, కానీ రంగు సరిగా పట్టదు" అని రాయి, మార్కులు పోవు. ఇంకా కావాలంటే నొకార్డియా అనే బ్యాక్టీరియా గురించి చదువు, సగం మొండిది, 1 శాతం ఆమ్లానికి నిలబడుతుంది, 25 శాతానికి లొంగిపోతుంది.

ట్రూనాట్ వచ్చాక ఇంకా ఈ రంగులూ దీపాలూ ఎందుకు మేడమ్? మా పీహెచ్‌సీలో మైక్రోస్కోపు మూలన పడేశారు.
ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఆదిలాబాద్ జిల్లా

రోగం ఉందో లేదో తేల్చడానికి ట్రూనాటే మెరుగు, అందులో వాదన లేదు. స్లైడు పట్టలేనన్ని తక్కువ క్రిములున్నా పడుతుంది, పేరు చెబుతుంది, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి లొంగుతుందో లేదో చెబుతుంది. గోవాలో తయారైన మిషను బ్యాటరీ మీద కూడా నడుస్తుందంటే నాకూ గర్వమే. కానీ చికిత్స మొదలయ్యాక ప్రతి రెండు మూడు నెలలకి "తగ్గుతోందా" అని చూడడానికి అది పనికిరాదు, చచ్చిన క్రిముల డీఎన్ఏని కూడా అది పట్టేసుకుంటుంది. రంగుకీ చావు బతుకుల తేడా తెలియదని పైన నేనే రాశాను, కానీ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టొచ్చు, 3+ నుంచి 1+ కి వచ్చిందో లేదో చూడొచ్చు. ట్రూనాట్‌కి వాడే చిప్పులు అయిపోయిన రోజు, మిషను మొరాయించిన రోజు ఎలాగూ ఉంటాయి.

మీ దగ్గర ఎల్‌ఈడీ మైక్రోస్కోపు ఉంటే ఆరమిన్ రంగు వాడి చూడండి. అదీ ఇదే సూత్రం, ఎరుపు బదులు చీకట్లో పసుపుగా మెరుస్తాయి. 400 రెట్లతో చూస్తే చాలు, నూనె అక్కర్లేదు, స్లైడుకి పట్టే సమయం బాగా తగ్గుతుంది. ఎర్ర గీత కోసం కళ్లు నొప్పులు పుట్టేలా వెతికినవాళ్లకి అమావాస్య ఆకాశంలో చుక్కల్లా కనిపిస్తాయి. ముందు ఆ మూలన పడేసిన దాని కటకాలకి ఫంగస్ పట్టిందేమో చూడండి, వానాకాలం అయిపోయింది కదా.